మ్యాలో జులాయిలు, మీనాక్షమ్మ, నా ఫిడేలు

పోయిన సంవత్సరం కాలేజీ ఫెస్ట్‌లో నేను స్టేజీ మీద సరిగ్గా పదకొండు సెకన్లు వాయించాను. మా వాడొకడు వీడియో తీశాడు కాబట్టి ఈ లెక్కలో డౌటు లేదు. పన్నెండో సెకనులో స్టాండు మీద పెట్టుకున్న ఫోన్ స్క్రీన్ ఆరిపోయింది. నోట్స్ అందులోనే ఉన్నాయి. నెలన్నరగా రోజూ వాయిస్తున్న ట్యూనే అది. అయినా తర్వాతి స్వరం ఏంటో నాకు తెలీలేదు. వెనక వరసలోంచి ఎవరో చప్పట్లు కొట్టారు, దిగిపోయాను.

ఆ ట్యూన్ పేరు "ది రేక్స్ ఆఫ్ మ్యాలో". ఐర్లండ్‌లో కార్క్ కౌంటీలో మ్యాలో అని ఒక ఊరుంది (మా నాచారం పక్కనున్న మల్లాపూర్ కాదు, నవ్వకండి). రేక్స్ అంటే తాగి తిరిగే కుర్రాళ్ళు. మన భాషలో "మ్యాలో జులాయిలు" అనుకోవచ్చు. 18వ శతాబ్దం నాటికే అచ్చయిన పాట. ఐరిష్ ఫిడేలు మొదలుపెట్టేవాళ్ళకి ఈజీ అని యూట్యూబ్ చెప్తే నమ్మాను.

ఈ వ్యాసం నేను చేసిన తప్పు గురించీ, ఇలాంటి ట్యూన్ ఒకటి నేర్చుకోవాలంటే ఏం చెయ్యాలో ఇప్పుడు నాకు తెలిసినంత వరకూ. నేనేమీ వయొలిన్ విద్వాంసుణ్ణి కాను. వాయించడం మొదలుపెట్టి ఏడాదిన్నర అయింది, అంతే.

ఫెస్ట్ అయ్యాక అమ్మ తనకి తెలిసిన ఒక టీచరు గారి దగ్గరికి తీసుకెళ్ళింది. నాచారం హెచ్‌ఎంటీ నగర్‌లో పిల్లలకి కర్ణాటక సంగీతం చెప్తారు. అరవై దాటిన మనిషి, విజయనగరంలో చదువుకున్నారు. మేము ఉండేది ఉప్పల్‌లో, హబ్సిగూడ మీదుగా వెళ్ళాలి. స్టేడియంలో మ్యాచ్ ఉన్న రోజైతే ఆ కాస్త దూరానికే గంట పడుతుంది. ఆవిడ ఇంట్లో గోడ మీద ద్వారం వెంకటస్వామి నాయుడు గారి ఫొటో ఉంది. 1919లో విజయనగరం సంగీత కళాశాలలో చేరి, 1936లో అక్కడే ప్రిన్సిపాల్ అయిన ఆయన. జనం ఆయన్ని "ఫిడేలు నాయుడు గారు" అనేవాళ్ళట. వయొలిన్ అంటే క్లాస్, ఫిడేల్ అంటే ఫోక్ అని ఇంటర్నెట్‌లో గంటలు గంటలు కొట్టుకుంటారు. మన తాతల కాలంలో ఆ గొడవే లేదు, రెండూ ఫిడేలే. వస్తువు కూడా ఒక్కటే.

టీచరు గారు నా వయొలిన్ వైపు చూడను కూడా చూడలేదు. "ఏదీ నాన్నా, ఆ పాట ఒకసారి పాడు" అన్నారు.

"పాడటం రాదండీ. వాయిస్తాను."

"రాగం తియ్యమనటం లేదు. ఊరికే కూనిరాగం తియ్యి. అదీ రాకపోతే నీకా పాట రానట్టే కదా?"

రెండు ముక్కలు కూనిరాగం తీశాను. మూడో ముక్క దగ్గర నోరు ఆగిపోయింది, ఫెస్ట్‌లో చెయ్యి ఆగిన చోటే. ఈలోపు లోపలి గదిలో చాప మీద కూర్చున్న ఏడెనిమిదేళ్ళ పాప ఒకతి ఆ మూడో ముక్క అందుకుని చివరిదాకా పాడేసింది. సంస్కృతంలో, మాటలతో సహా.

ఆ రోజు నాకు తల తిరిగింది. తర్వాత చదివితే తెలిసింది. ముత్తుస్వామి దీక్షితర్ మదరాసు దగ్గర మణలిలో ఉన్న రోజుల్లో కోటలో ఇంగ్లీషు వాళ్ళ బ్యాండ్లు వాయించే ట్యూన్లు విన్నారు. వాటికి సంస్కృతంలో సాహిత్యం కట్టారు. వాటినే నోట్టుస్వర సాహిత్యాలు అంటారు, నోట్టు అంటే మన "నోట్". "సంతతం పాహి మాం" ఎవరికైనా వినిపించండి, "గాడ్ సేవ్ ది కింగ్" అని వెంటనే పట్టేస్తారు. "శ్యామలే మీనాక్షి" అయితే ఎల్‌కేజీ పిల్లాడు కూడా చెప్తాడు, "ట్వింకిల్ ట్వింకిల్" వరస. మన "మ్యాలో జులాయిలు" ఆయన చేతిలో "వందే మీనాక్షి" అయ్యింది. తాగుబోతు కుర్రాళ్ళ పాట అమ్మవారి పాటైపోయింది! ఆయన తమ్ముడు బాలుస్వామి దీక్షితర్ అదే మదరాసులో ఒక యూరోపియన్ దగ్గర వయొలిన్ నేర్చుకుని, దాన్ని మన సంగీతంలోకి తెచ్చినవాళ్ళలో ఒకరయ్యారు. అంటే వయొలిన్, ఈ ట్యూన్లు దాదాపు ఒకే ఇంటి గుమ్మంలోంచి మనలోకి వచ్చాయన్నమాట.

ఇంకో సంగతి. ఆ వంశం వాడే సుబ్బరామ దీక్షితులు ఎట్టయపురం నుంచి 1904లో "సంగీత సంప్రదాయ ప్రదర్శిని" అచ్చువేశారు. ఎట్టయపురం ఉన్నది తమిళదేశంలో, పుస్తకం మాత్రం తెలుగులో. మరుసటేడు వచ్చిన ఆయన "ప్రథమాభ్యాస పుస్తకము"లో నోట్టుస్వరాలు స్వరాలతో సహా ఉన్నాయి. టీచరు గారి దగ్గర పాత జిరాక్స్ ఉంటే నా ముందు పెట్టి చదవమన్నారు. ఇంగ్లీషు మీడియం బాధ మీకు తెలుసు కదా. "గ... మ... ప..." అని కూడబలుక్కుంటుంటే చాప మీది పాప నోరు మూసుకుని నవ్వింది.

ఆ కూడబలుక్కోవడంలోనే నా తప్పు ఎక్కడుందో తెలిసింది. నేను తెలుగు చదివేది అక్షరం అక్షరంగా. ట్యూన్ వాయించిందీ అలాగే, చుక్క చుక్కగా. ఒక్కో చుక్క చూడటం, వేలు పెట్టడం, మర్చిపోవడం. కంటి నుంచి నేరుగా వేలికి. మధ్యలో చెవికి పనే లేదు.

ఐర్లండ్‌లో ఈ ట్యూన్లు నేర్చుకునేది చెవితోనే. పబ్‌లోనో ఎవరింట్లోనో గుండ్రంగా కూర్చుని వాయిస్తారు, దాన్ని సెషన్ అంటారు. అక్కడ ఎవరి ముందూ కాగితం ఉండదు. అలాగని కాగితం దండగ అనను. కార్క్ కౌంటీలో పుట్టి, షికాగోలో పోలీస్ చీఫ్ అయిన ఫ్రాన్సిస్ ఓనీల్ 1903లో 1850 ట్యూన్లతో ఒక పుస్తకం వేశాడు. తమాషా ఏంటంటే ఆయనకి నోట్స్ రాయడం రాదు. తన తలలో ఉన్నవి వినిపిస్తుంటే, ఆయన కింద పనిచేసే జేమ్స్ ఓనీల్ అనే ఇంకో పోలీసు విని రాసేవాడు. ఇప్పుడు నెట్‌లో ఎక్కువగా దొరికేది ఏబీసీ నొటేషన్, 1990ల మొదట్లో క్రిస్ వాల్షా అనే ఆయన చేసింది. స్వరాలన్నీ మామూలు కీబోర్డు అక్షరాల్లోనే ఉంటాయి, టెక్స్ట్ ఫైల్ అంతే. సరిగమలు రాసుకున్నట్టే. మన బ్రాంచి వాళ్ళకి బాగా నచ్చుతుంది. కాకపోతే అందులో ఉండేది అస్థిపంజరం మాత్రమే.

సరే, అసలు పాఠానికి వద్దాం.

ఒక ఐరిష్ డాన్సు ట్యూన్‌లో మామూలుగా రెండు భాగాలుంటాయి, ఏ, బీ. ఒక్కోటి 8 బార్లు. ఏ రెండుసార్లు, బీ రెండుసార్లు, మొత్తం 32. నేర్చుకోవాల్సింది 16 మాత్రమే. ఆ పదహారులో కూడా చాలా ముక్కలు మళ్ళీ మళ్ళీ వస్తాయి. "మ్యాలో"నే తీసుకోండి. మొదట స గ స గ అని ఊగుతుంది. తర్వాత అదే ఊపు ఒక మెట్టు దిగి ని రి ని రి అంటుంది. ఇది వినపడితే నాలుగు బార్లు ఉచితంగా వచ్చినట్టే. నేను నెలన్నర చుక్కలు చూశాను, ఈ పోలిక ఒక్కసారి కూడా కనపడలేదు.

కాబట్టి మొదటి వారం వయొలిన్ పెట్టె తెరవకండి. ట్యూన్ వినండి. బస్సులో, మెట్రోలో, అంట్లు తోముతూ. ఇద్దరు ముగ్గురు వాయించినవి వినండి, ఎందుకంటే ఏ ఇద్దరూ ఒకేలా వాయించరు. 1920ల్లో న్యూయార్క్‌లో రికార్డులిచ్చిన మైకేల్ కోల్‌మన్ వేగం వింటే బిగినర్‌కి ఏడుపొస్తుంది. ఈస్ట్ క్లేర్ నుంచి వచ్చిన మార్టిన్ హేస్ నెమ్మదిగా వాయించినవి వింటే కాస్త ధైర్యం వస్తుంది. తర్వాత కూనిరాగం తియ్యండి. పూర్తిగా వచ్చాక రెండంటే రెండు బార్లు తీగ మీద వెతుక్కోండి. అవి వచ్చాక ఇంకో రెండు, తర్వాత నాలుగూ కలిపి. స్పీడు సగానికి తగ్గించి వింటే వెతకడం తేలిక. నోట్స్ చివర్లో చూడండి, డౌట్ క్లియర్ చేసుకోడానికి. నాకు ఇలా "మ్యాలో" మళ్ళీ మొదటి నుంచి పట్టుకోడానికి పన్నెండు రోజులు పట్టింది. నెలన్నర ఎక్కడ, పన్నెండు రోజులెక్కడ!

మన ఊళ్ళో నేర్చుకునేవాళ్ళకి ప్రత్యేకంగా ఒక చిక్కుంది, శ్రుతి. ఐరిష్ వాళ్ళు తీగలని జి, డి, ఏ, ఇ అని పెడతారు. ప్రతి తీగా తన కింది తీగకి పంచమం. అంటే జి ని స అనుకుంటే మిగతావి ప, పై రి, పై ధ. మన టీచర్లు స, ప, స, ప అని పెడతారు. మొదటి రెండు తీగలమీద వేళ్ళ లెక్క ఒకటే, మూడో తీగ దగ్గరికి వచ్చేసరికి మారిపోతుంది. టీచరు గారు చూపించిన వేళ్ళు మూడో తీగ మీద నాకెందుకు అపస్వరం పలుకుతున్నాయో రెండు క్లాసుల దాకా అర్థం కాలేదు. తర్వాత చూస్తే, పైన ఉన్న ఏ, ఇ తీగలు రెండిటినీ ఒక్కో స్వరం దించితే అవి జి, డి అవుతాయి, అచ్చంగా ఆవిడ శ్రుతే. అమెరికా పల్లెటూరి ఫిడేలు వాళ్ళు కూడా కొన్ని పాటలకి ఇలా పెట్టుకుంటారు. నేను మాత్రం దించలేదు. ఆవిడ దగ్గర చెవి నేర్చుకుంటాను, వేళ్ళు నా లెక్కలో పెట్టుకుంటాను అని ఒప్పందం చేసుకున్నాం. కింద కూర్చుని పాదం మీద ఆనించి వాయించడం కూడా ఆవిడే నేర్పారు. నిలబడి గడ్డం కింద నొక్కి పట్టేదానికంటే మెడకి హాయిగా ఉంది.

ఇక కమాను. బో అని మనమంటాం, కమాను అని ఆవిడంటారు. ఆ మాటే బాగుంది. ఐరిష్ ట్యూన్‌కి ప్రాణం ఎడమచేతి వేళ్ళలో కంటే కమానులోనే ఎక్కువుంది. రీల్ నాలుగు నాలుగుగా నడుస్తుంది, "గలగల గలగల" అనుకోండి. జిగ్ మూడు మూడుగా, మన తకిట తకిట. నేను "చిలుక పలుకు చిలుక పలుకు" అనుకుంటాను. అయితే మూడూ సమానంగా అంటే కుట్టుమిషన్‌లా ఉంటుంది. మొదటి అక్షరం మీద కొంచెం ఆగాలి. ఎంత ఆగాలన్నది ఎక్కడా రాసి ఉండదు, విని పట్టుకోవాల్సిందే. ఇది టీచరు గారు కూడా నేర్పలేకపోయారు. "ఈ ఊపు మాది కాదు నాన్నా, ఆ రికార్డులనే అడుగు" అని ఒప్పుకున్నారు.

అలంకారాల సంగతి రెండు మాటల్లో. కట్ అంటే స్వరానికి ముందు పై వేలితో చిన్న చిటిక. రోల్ అంటే స్వరం, దాని పైది, మళ్ళీ అదే, దాని కిందిది, మళ్ళీ అదే, ఐదూ ఒక్క ఊపులో. మన గమకంలా స్వరం జారదు, ఊగదు. పలికీ పలకనట్టు తగిలి పోతుంది, అంతే. నేను తెలివి ఉపయోగించి "మ్యాలో"లో గాంధారాన్ని కాస్త ఊపి చూశాను. టీచరు గారు మొహం చిట్లించారు. నోట్టుస్వరాలు శంకరాభరణం మెట్లమీదే నడుస్తాయి కానీ గమకం లేకుండా పాడాలట. ఇటు ఐరిషూ కాలేదు, అటు దీక్షితరూ కాలేదు, ఆ గాంధారం ఊరికే వణికింది. మొదటి ఆరు నెలలు అలంకారాల జోలికి పోకపోవడం మేలని నా అభిప్రాయం.

అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్ళు బ్రిడ్జి మీద పెట్టుకునే రబ్బరు మ్యూట్ ఒకటి కొనుక్కోండి. అది లేనప్పుడు మా అమ్మ "ఏందిరా పొద్దుపొద్దుగాల్నే, తలుపు కిర్రుమన్నట్టు" అనేది. ఇప్పుడు కూడా అంటుంది, కానీ తలుపు దూరంగా ఉన్నట్టుంటుంది.

మొన్న విజయదశమికి టీచరు గారి ఇంట్లో పిల్లలంతా పాడారు. చివర్లో "వందే మీనాక్షి" పాడిస్తూ నన్ను వాయించమన్నారు. నాకు ఫోన్ లేదు, స్టాండు లేదు. వాళ్ళ శ్రుతి నా ట్యూన్ ఉన్న జి కంటే ఒక మెట్టు పైన, ఏ మీద ఉంది. కాగితం నమ్ముకుని ఉంటే అక్కడే ఆగిపోయేవాణ్ణి. కళ్ళు మూసుకుని వెతుక్కున్నాను, రెండో ముక్కకి దొరికింది. వాళ్ళు నేను అలవాటు పడ్డ వేగంలో సగానికే పాడారు. జులాయిల్లా పరిగెత్తబోయిన కమానుని రెండుసార్లు వెనక్కి లాక్కున్నాను. బీ భాగంలో ఒక చోట తప్పాను. పిల్లలు ఆగలేదు, నేను తర్వాతి ముక్కలో వాళ్ళని కలిశాను.

అయ్యాక ఆ పాప దగ్గరికొచ్చి, "అన్నా, నువ్వు మధ్యలో తప్పావు" అంది. ఎక్కడో కూడా పాడి చూపించింది. ఇప్పుడు కెష్ జిగ్ వింటున్నాను. ఇవాళ్టికి అయిదో రోజు, పెట్టె ఇంకా తెరవలేదు.