ఇంటి మరమ్మతు – ఇంటి లెక్క

‘ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు’ అన్నారు పెద్దలు. పాత ఇల్లు బాగుచేయడమూ అంతే. బదిలీల మీద తిరిగే మనం క్వార్టర్లలో ఉంటాం. గోడ చెమ్మగిల్లితే ఫిర్యాదు రాస్తాం. ఉద్యోగ విరమణ తరువాత క్వార్టర్ ఖాళీ చేయాలి. అప్పుడు చాలామందికి మిగిలేది ఊళ్ళో తాతయ్య కట్టిన ఇల్లే.

దాని బాగుకు 6,00,000 రూపాయలు ఉన్నాయనుకుందాం. ముందే పదోవంతు, అంటే 60,000 పక్కన పెడదాం. పాత గోడ లోపల ఏముందో పగలగొట్టాకే తెలుస్తుంది. మిగిలిన 5,40,000తో చేసే పనులను వరుసగా రాద్దాం.

1. కప్పు కారడం, గోడల పగుళ్ళు
2. నీటి పైపులు, కరెంటు వైర్లు
3. ప్లాస్టరింగ్, నేల
4. రంగులు

వరుస తప్పితే, పైపు కోసం రంగు వేసిన గోడను మళ్ళీ పగలగొట్టాలి. ఒకే పనికి రెండుసార్లు ఖర్చు.

రంగు లెక్క చూద్దాం. గది పొడవు 12, వెడల్పు 10, ఎత్తు 10 అడుగులు. నాలుగు గోడల వైశాల్యం: 2 × (12 + 10) × 10 = 440 చదరపు అడుగులు. తలుపు (7 × 3), కిటికీ (4 × 3) తీసేస్తే 407.

అభ్యాసం: సెలవుల్లో ఊరెళ్ళినప్పుడు ఒక గది కొలవండి. మరమ్మతుల పట్టిక రాసి, ఏది ముందో, ఎందుకో ఇంట్లో చెప్పండి.