పొయ్యి తలుపు – సందు – పొగ : మనందరికీ పనికొచ్చే ఒక పాఠం

నిప్పు లేనిదే పొగ రాదంటారు పెద్దలు. నిజమే. కానీ నిప్పు రాజేసినప్పుడల్లా ఇల్లంతా పొగతో నిండాలని ఏ శాస్త్రమూ చెప్పలేదు.

మిత్రులారా! మన హాస్టళ్ల వంటగదుల్లోకి గ్యాస్ వచ్చింది. అయినా మన ఊళ్లల్లో నీళ్లు కాగబెట్టాలన్నా, జొన్నరొట్టె కాల్చాలన్నా, పెండ్లి వంట చేయాలన్నా ఇప్పటికీ చాలాచోట్ల కట్టెల పొయ్యే దిక్కు. మా ఇండ్లల్లో డిగ్రీ దాటి పీజీ దాకా వచ్చినవాళ్లం మేమే మొదలు. పొయ్యి ముందు కండ్లు తుడుచుకుంటూ అమ్మలు వండిన బువ్వ తినే ఇంత దూరం వచ్చాం. మనం చదివిన భౌతికశాస్త్రం పరీక్ష పేపరు దగ్గరే ఆగిపోకుండా ఆ పొయ్యి దాకా వెళ్లాలని ఈ వ్యాసం రాస్తున్నాం.

పొయ్యి ఊపిరి

పొగగొట్టం ఉన్న పొయ్యి మనిషిలాగే గాలి పీల్చి వదులుతుంది. వేడి గాలి తేలిక, చల్ల గాలి బరువు. 30 డిగ్రీల దగ్గర ఒక ఘనపు మీటరు గాలి సుమారు 1.16 కిలోలు తూగితే, 200 డిగ్రీల దగ్గర 0.75 కిలోలే తూగుతుంది. ఈ తేడా వల్లనే పొగ పైకి పోతుంది, కింది నుంచి కొత్త గాలి వస్తుంది. అయితే 3 మీటర్ల గొట్టంలో ఈ లాగుడు బలం సుమారు 12 పాస్కల్స్ మాత్రమే. అంటే ఒక మిల్లీమీటరు నీటి ఎత్తుకు కొంచెం ఎక్కువ. ఇంత సున్నితమైన బలాన్ని చెడగొట్టడానికి చిన్న సందు చాలు.

ఒక లెక్క చేద్దాం. 30 సెంటీమీటర్ల పొడవు, 30 సెంటీమీటర్ల వెడల్పు గల ఇనుప తలుపు చుట్టూ ఒక్క మిల్లీమీటరు సందు ఉందనుకోండి. చుట్టుకొలత 120 సెంటీమీటర్లు. సందు వైశాల్యం 12 చదరపు సెంటీమీటర్లు. అంటే తలుపుకు మూడున్నర సెంటీమీటర్ల చదరపు రంధ్రం పెట్టినట్టే! ఆ సందు నుంచి దూరిన చల్ల గాలి మంటకు సరిగా అందకుండా పైకి పోతే గొట్టం చల్లబడుతుంది, లాగుడు తగ్గుతుంది, తలుపు తీయగానే పొగ మన ముఖం మీదికే వస్తుంది. అదే గాలి నేరుగా కట్టెల మీద పడితే కట్టె త్వరగా కాలిపోతుంది, మంట మన అదుపులో ఉండదు.

గ్యాస్‌కెట్ అంటే ఏమిటి?

కుక్కర్ రబ్బరు అందరికీ తెలుసు. అదే గ్యాస్‌కెట్. కుక్కర్‌లో అది ఆవిరిని బయటికి పోనివ్వదు. పొయ్యి తలుపుకు ఉండేది బయటి గాలిని లోపలికి రానివ్వదు. పొయ్యి వేడికి రబ్బరు కాలిపోతుంది కాబట్టి గాజు నారతో అల్లిన తాడు వాడతారు. చలి దేశాల్లో గది వెచ్చగా ఉంచే కట్టెల పొయ్యిలకు గాజు తలుపు కూడా ఉంటుంది. విదేశీ విద్యా నిధి సాయంతో చదువుకోవడానికి వెళ్లే మన అన్నలు, అక్కలు అక్కడి ఇండ్లల్లో వాటిని చూడవచ్చు.

బాగుచేసే పద్ధతి

1. పొయ్యి పూర్తిగా చల్లారాక బూడిద తీసేయాలి.

2. తలుపు సందున కాగితం ముక్క పెట్టి మూసి లాగాలి. బిగువుగా ఉంటే మంచిది, సులువుగా జారివస్తే అక్కడ సందు ఉన్నట్టే. నాలుగు వైపులా ఇలా చూడాలి. పొయ్యి మండుతున్నప్పుడు అగరుబత్తి తలుపు అంచు వెంట జరిపినా తెలుస్తుంది. దాని పొగ ఎక్కడ లోపలికి పోతే అక్కడే లోపం.

3. ముందుగా కీళ్లు, గడియ చూడాలి. కీలు అరిగి తలుపు వాలిపోతే ఎంత మంచి తాడు పెట్టినా వృథా.

4. పాత తాడు పీకి, గాడిని వైరు బ్రష్‌తో గీకి శుభ్రం చేయాలి. గాడికి సరిపోయే మందం గల తాడు తెచ్చి, వేడికి తట్టుకునే సిమెంటు పూసి, సాగదీయకుండా పరచాలి. సాగదీస్తే సన్నబడి మళ్లీ సందు వస్తుంది. రెండు కొసలు ఖాళీ లేకుండా కలవాలి. తలుపు మూసి, సిమెంటు డబ్బా మీద రాసినంత సేపు ఆరనిచ్చి, మొదటిసారి చిన్న మంటే పెట్టాలి.

5. గాజు వదులైతే క్లిప్పుల స్క్రూలను కదలకుండా ఉండేంత వరకే బిగించాలి. 30 సెంటీమీటర్ల ఇనుప పట్టీ 300 డిగ్రీలు వేడెక్కితే సుమారు ఒక మిల్లీమీటరు పెరుగుతుంది. పొయ్యిలకు వాడే సిరామిక్ గాజు దాదాపు పెరగదు. కదలడానికి చోటు లేకపోతే గాజు పగులుతుంది. కిటికీ గాజు అసలే పనికిరాదు.

6. పాత ఆస్బెస్టాస్ తాడును గీకవద్దు, కొత్తది కొనవద్దు. దాని నార ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు కారణమవుతుంది.

మన మట్టి పొయ్యి సంగతి

మట్టి పొయ్యికి తలుపు లేదు కదా అనవచ్చు. పొగగొట్టం ఉన్న మట్టి పొయ్యికి గిన్నే తలుపు! గిన్నె అడుగుకూ పొయ్యి నోటికీ మధ్య ఖాళీ ఉంటే అక్కడి నుంచే లాగుడు చెడుతుంది. అందుకే వాడే గిన్నెను బట్టి పొయ్యి నోరు కట్టుకోవాలి. పగుళ్లను ముందు నీళ్లతో తడిపి, ఊక కలిపిన మట్టితో పూడ్చాలి. ఒట్టి మట్టి ఆరేటప్పుడు ముడుచుకుని మళ్లీ పగులుతుంది.

పొగలేని పొయ్యి మనకు పరాయిది కాదు. హైదరాబాద్ ఇంజినీరింగ్ పరిశోధనా ప్రయోగశాలలో ఎస్.పి.రాజు పొగగొట్టంతో కూడిన మట్టి పొయ్యిని రూపొందించి, 1953లో దాని గురించి పుస్తకం ప్రచురించారు. 1983లో మొదలైన జాతీయ మెరుగైన పొయ్యిల కార్యక్రమం 2002 వరకు నడిచింది. దేశంలో మూడు కోట్లకు పైగా పొయ్యిలు కట్టారు. కానీ గొట్టాలు మసితో పూడి, పగుళ్లు పూడ్చేవారు లేక చాలా పొయ్యిలు మూలపడ్డాయి. కట్టడం ఒకరోజు పని, కాపాడుకోవడం ప్రతిరోజు పని అని ఆ అనుభవం చెబుతోంది. తర్వాత 1999లో దీపం, 2016లో ఉజ్వల పథకాలు వచ్చినా, సిలిండర్ ధరకు జంకి కట్టెలకు మళ్లే ఇండ్లు ఇంకా ఉన్నాయి.

ఒక హెచ్చరిక

ఆదిలాబాద్ చలి మనకు తెలియనిది కాదు. చలికి తట్టుకోలేక బొగ్గుల కుంపటి లోపల పెట్టుకుని తలుపులు, కిటికీలు మూసి పడుకోవద్దు. సింగరేణి ప్రాంతంలో బొగ్గు పొయ్యి వాడే ఇండ్లకూ ఇది వర్తిస్తుంది. కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. నిద్రలోనే ప్రాణం తీస్తుంది. కాబట్టి ఒక్క మాట గుర్తుంచుకుందాం: పొయ్యి సందు మూయాలి, గది కిటికీ తెరవాలి.

వంటింటి పొగ వంటి ఇంట్లోని గాలి కాలుష్యం వల్ల 2020లో ప్రపంచంలో సుమారు 32 లక్షల మంది చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా వేసింది. వారిలో మన అమ్మలాంటి వాళ్లు ఎందరో!

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా! వచ్చే సెలవుల్లో ఇంటికి పోయినప్పుడు పుస్తకాల సంచితో పాటు ఒక అగరుబత్తి కూడా తీసుకుపోండి. అమ్మ పొయ్యి దగ్గర కూర్చొని సందు ఎక్కడుందో వెతకండి. పిడికెడు మట్టితో దాన్ని పూడ్చి రండి. మన చదువు అమ్మ కండ్లకు చేసే మొదటి మేలు అదే అవుతుంది.