బెర్తా బెంజ్ బండి ఎక్కడెక్కడ ఆగింది?

మోటారు కారుని కనిపెట్టినవాడు కార్ల్ బెంజ్ అని చిన్నప్పుడే బట్టీ పట్టాం. 1886 జనవరి 29న జర్మనీలో ఆయన పేటెంటుకి దరఖాస్తు పెట్టిన మాట నిజమే. ఐతే ఆ బండి దూరప్రయాణానికి పనికొస్తుందా లేదా అన్నది తేల్చింది ఆయన కాదు, ఆయన భార్య బెర్తా. 1888 ఆగస్టులో భర్తకు చెప్పకుండా, 15 ఏళ్ళ ఆయిగెన్‌నీ 13 ఏళ్ళ రిచర్డ్‌నీ వెంటబెట్టుకుని, మాన్‌హైమ్ నుంచి ఫోర్ట్స్‌హైమ్‌లోని పుట్టింటికి మూడు చక్రాల బండి మీద బయల్దేరింది. దారి సుమారు 106 కిలోమీటర్లు. అంతకు ముందు ఆ బండి తిరిగిందంతా దగ్గర దూరాలే.

దారిలో ఇంధనపు గొట్టం మూసుకుపోతే టోపీ పిన్నుతో పొడిచి బాగుచేసిందనీ, వైరు ఒరుసుకుపోతే మేజోడు జారకుండా కాలికి కట్టుకునే పట్టీ దానికి చుట్టిందనీ చెప్తారు. విన్నవాళ్ళంతా ఆ పిన్నుని మెచ్చుకుంటారు. నాకు మాత్రం అంతకన్నా పెద్ద విషయం ఇంకోటి తోస్తుంది. పిన్ను ఎవరి దగ్గరైనా వుంటుంది. లోపం గొట్టంలో వుందని తెలిసేదెలా?

ఆగిన ఇంజను నోరు విప్పి చెప్పదు. అది నడవాలంటే మూడు జరగాలి. ఇంధనపు ఆవిరి గాలితో తగిన పాళ్ళలో కలవాలి, ఆ మిశ్రమం సిలిండరులో గట్టిగా నొక్కుకోవాలి, సరైన వేళకు నిప్పురవ్వ పుట్టాలి. మూడూ ఒక్కసారే చెడటం అరుదు. కాబట్టి బాగున్నవాటిని ఒక్కొక్కటే పక్కకు తీసేసుకుంటూ పోవాలి. ఫ్లైవీలుని చేత్తో తిప్పితే ఎదురు తంతోందా? ఐతే సిలిండరు క్షేమం. రవ్వ రావడం లేదా? వైరు పొడుగునా వెతకాలి; పైపొర అరిగి ఇనప చట్రానికి తగిలితే కరెంటు అడ్డదారిన పోతుంది. రవ్వ బాగానే వుంటే ఇక మిగిలింది ఇంధనం. ఆగిన తీరు కూడా ఒక ఆనవాలే. ఇంధనం అందకపోతే ఇంజను ఎగశ్వాస వచ్చినట్టు తడబడి ఆగుతుంది, కరెంటు తెగితే టక్కున ఆగుతుంది. మా పొలంలో డీజిలు ఇంజనుకి ప్లగ్గే లేదు గాని, అది ఆగినా మా నాన్న మొదట అడిగేది "కొట్టుకుంటూ ఆగిందా, ఒక్కసారే ఆగిందా?" అనే. ఆయన ఫిజిక్సు చదవలేదు.

కొన్నిటికి ఇంత విచారణ అక్కర్లేదు. ఇంధనం తరిగితే వీస్‌లోఖ్‌లో మందుల షాపుకి వెళ్ళి, మరకలు పోగొట్టడానికి అమ్మే లిగ్రోయిన్ కొన్నది. ఇంజనుని చల్లబరిచే నీళ్ళు ఆవిరైపోతుంటే మాటిమాటికీ పోసుకుంటూ వెళ్ళింది. సాగిన గొలుసుని కమ్మరి సరిచేశాడు. చెక్క బ్రేకులు అరిగిపోతుంటే చెప్పులు కుట్టేవాడి చేత వాటికి తోలు కొట్టించింది.

మిట్టల దగ్గర మాత్రం ఈ చిట్కాలేవీ పారలేదు. బండిని తొయ్యాల్సి వచ్చింది. అక్కడ విరిగిందేమీ లేదు, మూసుకుపోయిందేమీ లేదు. లోపం బండి నిర్మాణంలోనే వుంది. బలాన్ని వేగంతో హెచ్చవేస్తే వచ్చేదే గదా శక్తి! ఇంజను శక్తి పెరగనప్పుడు బలం ఎక్కువ కావాలంటే వేగం వదులుకోవాలి. కాని ఇంజనే నెమ్మదిస్తే ఆగిపోతుంది. ఇంజను తన వేగాన తిరుగుతూ వుండగా చక్రం మాత్రం నిదానంగా తిరిగే ఏర్పాటు కావాలి.

చీకటిపడే వేళకు పుట్టిల్లు చేరి బెర్తా భర్తకు టెలిగ్రాం ఇచ్చింది. ఆవిడ తిరిగొచ్చి చెప్పినదంతా విన్నాక, కార్ల్ బెంజ్ మిట్టలెక్కడానికని బండికి ఇంకో గేరు చేర్చాడు.