విండోసా? లైనక్సా?

మీ ఇంట్లో పదేళ్ల నాటి కంప్యూటరు ఒకటి ఉందనుకోండి. మీట నొక్కితే చక్కగా పనిచేస్తుంది. కాని అందులో ఉన్న విండోస్ 10 కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14న ముగిసింది. అంటే, ఆ తరువాత బయటపడే లోపాలకు సవరణలు మామూలుగా రావు. ఇంటర్నెట్ ద్వారా దొంగ ప్రోగ్రాములు చొరబడే ప్రమాదం నానాటికీ పెరుగుతుంది. పోనీ విండోస్ 11 వేద్దామంటే దానికి టి.పి.ఎం. 2.0 అనే భద్రతా సాధనమూ, కొత్త తరం ప్రాసెసరూ కావాలి. పాత యంత్రాలలో చాలావాటికి ఆ యోగ్యత లేదు. ఇక మిగిలింది ఉచితంగా దొరికే లైనక్స్. ఫిన్లండ్ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ 1991లో ప్రారంభించిన వ్యవస్థ ఇది. మరి దానికి మారవచ్చునా?

ముందు ఆపరేటింగ్ సిస్టమ్ చేసే పనేమిటో చూద్దాం. మీరు ఉత్తరం టైపు చేసే ప్రోగ్రాము డిస్కును తానే ముట్టుకోదు. "దీనిని దాచిపెట్టు" అని ఆపరేటింగ్ సిస్టమ్‌ను అడుగుతుంది. అలా అడిగే పద్ధతి విండోస్‌లో ఒకటి, లైనక్స్‌లో మరొకటి. అందువల్ల ఒకదానికోసం రాసిన ప్రోగ్రాము రెండవదానిలో సాధారణంగా నడవదు. మధ్యవర్తి ప్రోగ్రాములతో కొన్నిటిని నడిపించవచ్చు గాని, అన్నిటినీ కాదు. ఫొటోలు, పాటల సంగతి వేరు. అవి వట్టి సమాచారమే కనుక ఎక్కడైనా తెరుచుకుంటాయి.

మన తెలుగువారికి ఇక్కడొక చిక్కు ఉంది. శుభలేఖలు, కరపత్రాలు తయారుచేసే డి.టి.పి. కేంద్రాలలో చాలాకాలంగా అను ఫాంట్లు వాడుతున్నారు. వాటిలో తెలుగు అక్షరాలను ఇంగ్లీషు అక్షరాల, గుర్తుల స్థానాలలో అమర్చారు. ఆ ఫాంటు లేని కంప్యూటరులో అదే ఫైలు తెరిస్తే తెలుగుకు బదులు పిచ్చిగీతల్లాంటి గుర్తులు కనిపిస్తాయి! యూనికోడ్‌లో ఈ బెడద లేదు. అందులో 'అ' సంఖ్య 3077. విండోస్‌లోనూ అంతే, లైనక్స్‌లోనూ అంతే.

జర్మనీలోని మ్యూనిక్ నగరపాలక సంస్థ 2003లో లైనక్స్‌కు మారాలని నిర్ణయించి, 2013 నాటికి 14 వేలకు పైగా కంప్యూటర్లను మార్చింది. తీరా 2017లో తిరిగి విండోస్‌కే వెళ్లాలని తీర్మానించింది! కొన్ని ప్రత్యేక ప్రోగ్రాములు విండోస్‌లోనే నడవడం, బయటివారితో పత్రాలు ఇచ్చిపుచ్చుకోవడంలో ఇబ్బందులు కారణాలుగా చెప్పారు. అసలు కారణం రాజకీయమేనని వాదించినవారూ ఉన్నారనుకోండి.

కనుక మీ ఇంట్లో ఎవరు ఏ ప్రోగ్రాము వాడుతున్నారో ముందుగా కాగితం మీద రాయండి. ఉత్తరాలు, పాఠాలు, ఇంటర్నెట్ మాత్రమే అయితే మారడమే మంచిదని నా అభిప్రాయం. నాన్నగారి జీవనోపాధి విండోస్ ప్రోగ్రాము మీద ఆధారపడి ఉంటే మాత్రం ఆ యంత్రాన్ని కదిలించకండి.

అదృష్టవశాత్తు, ముందుగా పరీక్షించి చూసే వీలుంది. లైనక్స్‌ను 8 జి.బి. పెన్‌డ్రైవ్‌లో సిద్ధం చేసుకుని కంప్యూటరును దానితోనే ప్రారంభించవచ్చు. కాస్త నెమ్మదిగా నడుస్తుంది గాని, ఇన్‌స్టాల్ చేయమని మీరు చెప్పనంతవరకు డిస్కులోని విండోస్ చెక్కుచెదరదు. ప్రింటరు, వైఫై, తెలుగు టైపింగు పనిచేస్తున్నాయో లేదో ఓ వారం చూడండి. అన్నీ సరిపోతే, ఇన్‌స్టాల్ చేసేముందు ఫైళ్లన్నిటినీ వేరే డిస్కులోకి ఎక్కించి, వాటిని మరో కంప్యూటరులో తెరిచి చూడండి. డిస్కు ఒకసారి చెరిగితే అమ్మమ్మ ఫొటోలు మళ్లీ దొరకవు.