ఇంజను వేడెక్కిన యెడల ఏమి చేయవలెను?

గ్రామములో కారు ఒకరిదైనను, దాని అవసరము పదిమందిది. నడిరేయి నొప్పులు పడుచున్న గర్భిణిని నందిగామకో జగ్గయ్యపేటకో చేర్చవలసి వచ్చినపుడు, 108 వాహనము వచ్చులోగా పొరుగువారి కారే దిక్కగుట మనమెరిగిన సంగతియే. అట్టి కారు ఆవిరి చిమ్ముచు దారిలో నిలిచిన యెడల, నష్టము యజమాని ఒక్కనితో పోదు. కావున పంచాయతీ సభ్యులు ఈ పాఠమును తాము చదువుటయే గాక, గ్రామములోని డ్రైవర్లకు కూడ చదివి వినిపింపవలెనని మా మనవి. ట్రాక్టరుకును ఈ సూత్రములే వర్తించును.

చిరకాలము కృష్ణాజిల్లా మెట్టసీమగా పేరుపడి, 2022లో ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరిన ఈ ప్రాంతమువారు ఇంజను వేడి విషయమున శ్రద్ధ వహించుటకు మూడు కారణములు కలవు. మొదటిది, వేసవి ఎండ. రెండవది, నీరు. సిమెంటు కర్మాగారములను ఇచ్చటికి రప్పించిన సున్నపురాయియే ఇచ్చటి బోరునీటిలో కరగియుండును. బోరునీరు కాచిన గిన్నెకు తెల్లని పొర పట్టుట మన ఇల్లాండ్రు ఎరుగుదురు. ఆ పొరయే రేడియేటరు గొట్టములలోను పట్టును. మూడవది, దుమ్ము. పత్తిచేల నూగు, కళ్లముల పొట్టు రేడియేటరు రేకుల సందులలో చేరి గాలిని అడ్డగించును.

ఇంజను చల్లబడు విధము

ఇంజనులో కాలు ఇంధనపు వేడిలో సుమారు మూడవ వంతు మాత్రమే బండిని నడుపుటకు ఉపయోగపడును. కొంత పొగగొట్టము గుండా పోవును. తక్కినదానిలో అధికభాగమును ఇంజను చుట్టు తిరుగు నీరు మోసికొనిపోవలెను. ఈ నీటిని త్రిప్పునది వాటర్ పంపు. ఇంజను చల్లగా ఉన్నంతవరకు నీటిని ఆపి, తగిన వేడి కలుగగానే దారి విడుచునది థర్మోస్టాటు. నీటిని చల్లార్చునది రేడియేటరు. దానికి గాలి ఇచ్చునది ఫ్యాను. రేడియేటరు మూత ప్రెషర్ కుక్కరు మూత వంటిది. లోపలి ఒత్తిడిని నిలిపి, నీరు 100 డిగ్రీల వద్ద మరుగకుండ చేయును. ఈ అయిదింటిలో ఏది చెడినను ఇంజను వేడెక్కును.

దారిలో వేడెక్కినచో

సూచిక ముల్లు ఎర్రగీతను సమీపించగనే ఏసీని కట్టివేయవలెను. హీటరును పూర్తిగా త్రిప్పిన యెడల కొంత వేడి బయటికి పోవును. బండిని అంచున నిలిపి ఇంజనును ఆపవలెను. “ఇంకొక రెండు మైళ్లే కదా” అని నడుపరాదు. అట్లు నడిపినచో ఇంజను తల వంగిపోయి, కొద్దిపాటి ఖర్చుతో తీరవలసిన పని వేలకు పెరుగును.

అర్ధగంటకు తక్కువ కాకుండ ఆగి, పై గొట్టము చేతికి చల్లగా తగిలిన పిమ్మటనే మూతను ముట్టవలెను. కొన్నేండ్ల క్రిందట మే నెలలో, చిల్లకల్లు దాటిన తరువాత మేము ప్రయాణించుచున్న కారు ఇట్లే నిలిచినది. డ్రైవరు తొందరపడి మూత త్రిప్పగా మరుగునీరు ఎగజిమ్మి అతని ముంజేయి కాలినది. కారు మరునాటికి బాగైనది. చేయి మానుటకు నెల పట్టినది. మూతపై మందపాటి గుడ్డ వేసి, ముఖమును ప్రక్కకు త్రిప్పుకొని, మెల్లగా తీయవలెను. కాగిన ఇంజనులో చన్నీరు ఒక్కుమ్మడిగా పోయరాదు, లోహము పగులును.

లోపమును కనుగొనుట

ఎప్పుడు వేడెక్కుచున్నదో గమనించినచో, ఎక్కడ చెడినదో చాలవరకు తెలియును.

1. బజారులో నిలిచినపుడు వేడెక్కి, జాతీయ రహదారి మీద పరుగెత్తునపుడు చల్లబడిన యెడల ఫ్యానును అనుమానింపవలెను. కొత్త కార్లలో అది విద్యుత్తుతో తిరుగును గనుక ఫ్యూజు, రిలే, తీగలను చూడవలెను. పాత అంబాసిడర్ వంటి బండ్లలో బెల్టు వదులైనదేమో చూడవలెను.

2. వేగముగా పోవునపుడు, బరువు లాగునపుడు వేడెక్కిన యెడల రేడియేటరు రేకులు దుమ్ముతోనో, లోపలి గొట్టములు సున్నపు పొరతోనో పూడియుండవచ్చును. వాటర్ పంపు కూడ చెడియుండవచ్చును.

3. బయలుదేరిన కొద్ది నిమిషములకే వేడెక్కి, నీరు నిండుగా ఉన్నను రేడియేటరు చల్లగానే ఉన్నచో థర్మోస్టాటు మూసికొనిపోయినదని ఊహింపవచ్చును.

4. బయట ఎచ్చటను కారకయే నీరు తరుగుచు, తెల్లని పొగ వచ్చుచు, ఇంజను ఆయిలు పాలు కలిసినట్లున్నచో హెడ్ గాస్కెట్టు పోయియుండును. ఇది ఇంట చేయదగిన పని కాదు.

ఇంటి వద్ద మరమ్మతు

ముందుగా ఇంజనును పూర్తిగా చల్లార్చి, బ్యాటరీ నెగటివు తీగను విప్పవలెను. విద్యుత్ ఫ్యాను ఇంజను ఆగియున్నను తనంతట తాను తిరుగవచ్చును.

రాత్రి బండి క్రింద అట్టముక్క పరచి ఉదయమున చూచినచో కారుట ఎక్కడనో తెలియును. వదులైన క్లిప్పులను బిగించి, పగుళ్లు పట్టిన గొట్టములను, బెల్టును మార్చవలెను. రేకుల దుమ్మును ఇంజను వైపునుండి బయటికి, సన్నని ధారతో కడుగవలెను. 2024 సెప్టెంబరులో మున్నేరు పొంగి ఐతవరము వద్ద జాతీయ రహదారిని ముంచినది. అట్టి వరదనీటిలో తడిసిన బండ్లకు ఈ శుభ్రత తప్పనిసరి.

థర్మోస్టాటును పరీక్షించుట సులభము. దానిని విప్పి, వంటకు వాడని గిన్నెలో నీటియందు వ్రేలాడదీసి కాచవలెను. దానిపై చెక్కిన డిగ్రీల వద్ద తెరచుకొననిచో మార్చవలెను. దానిని తీసివేసి బండి నడుపుట మంచి పద్ధతి కాదు.

పాత నీటిని తీసివేయునపుడు క్రింద తొట్టి పెట్టవలెను. మంచినీటితో కడిగి, తయారీదారు చెప్పిన పాళ్లలో కూలెంటును, బ్యాటరీలో పోయు డిస్టిల్డు వాటరును కలిపి నింపవలెను. లోపలి గాలిబుడగలు పోవువరకు మట్టమును సరిచూడవలెను. తిరిగి మరునాటి ఉదయము చల్లని ఇంజనులో చూడవలెను. బోరునీరు ఆపదలో మాత్రమే పోయదగినది. పోసినచో ఇల్లు చేరిన వెంటనే మార్చవలెను.

పంచాయతీ చేయదగినది

కూలెంటు తియ్యగా ఉండు విషము. వాకిట పారబోసినచో కుక్కలు, దూడలు నాకి చచ్చును, పిల్లలకును ప్రాణాపాయము. కావున తీసిన కూలెంటును మూతగల డబ్బాలో పట్టి, వీథికాలువలోను చెరువులోను కలుపకుండ, పట్టణములోని వర్క్‌షాపునకు అప్పగించునట్లు పంచాయతీ సభ్యులు చూడవలెను. పంచాయతీ ట్రాక్టరు డ్రైవరు వారమునకు ఒకసారి, ఇంజను చల్లగా ఉన్న ఉదయమున, నీటిమట్టము, బెల్టు, గొట్టములు చూచి పుస్తకములో వ్రాయు నియమము పెట్టవలెను. ఆ పనికి పది నిమిషములు చాలును. ఆపద వేళ ఊరి బండి మొరాయింపక కదలుటకు ఆ పది నిమిషములే ఆధారమని మా విశ్వాసము.