చాకు మీద అక్షరాలు

చిల్లకల్లులో ఒక ఇల్లు. సంక్రాంతికి అత్తాకోడళ్లు అటక దులుపుతున్నారు. రేకుడబ్బాలో ఒక మడత చాకు దొరికింది. కొమ్ము పిడి. అలుగు నల్లబడి ఉంది.

"ఇదేంది అత్తయ్యా?" అంది కోడలు.

"మీ మామయ్య వాళ్ల తాతది. పుల్లకలాలు చెక్కేవాడంట. పాత ఇనుప సామానువాడు వస్తే వేసెయ్యి. నాలుగు ఉల్లిపాయలన్నా వస్తయి" అంది అత్త.

కోడలు రాత్రి బడిలో చదువు నేర్చుకుంది. ఎక్కడ అక్షరం కనపడ్డా ఆగి చూస్తుంది. చాకు తెరిచింది. అలుగు మొదట్లో, పిడిని కలిసే చోట, ఏవో గీతలు ఉన్నాయి.

చాకు చేసినవాళ్లు తమ పేరు, గుర్తు సాధారణంగా అక్కడే కొడతారు. అక్కడ మురికి పట్టి ఉంటే ఒక చుక్క కొబ్బరినూనె వేసి మెత్తటి గుడ్డతో తుడవాలి. ఇటుకపొడి వద్దు. గరుకు కాగితం అసలే వద్దు. తళతళలాడాలని తోమితే గుర్తు అరిగిపోతుంది. గుర్తు పోతే చాకు పుట్టుక చెప్పేది ఏదీ మిగలదు. తుడిచాక పల్చటి కాగితం కప్పి, పెన్సిలుతో మెల్లగా రుద్దాలి. అక్షరాలు కాగితం మీద తేలతాయి.

కోడలు అలాగే చేసింది. ఒక నక్షత్రం తేలింది. పక్కన నాలుగు రెక్కల శిలువ. పైన కిరీటం, దానికి అటూ ఇటూ రెండు ఇంగ్లీషు అక్షరాలు. ఎనిమిదో తరగతి చదివే కూతురు చదివింది. "జి, ఆర్. కింద రాడ్జర్స్, షెఫీల్డు అని ఉందమ్మా."

షెఫీల్డు ఇంగ్లండులో ఒక ఊరు. చాకులకు, కత్తెరలకు పేరుపడిన ఊరు. జోసెఫ్ రాడ్జర్స్ అక్కడి కంపెనీ. నక్షత్రం, శిలువ దాని గుర్తు. ఆ గుర్తు రాడ్జర్స్ కుటుంబానికి దక్కింది. తరువాత ఆ కంపెనీ ఇంగ్లండు రాజులకు చాకులు చేసి ఇచ్చింది. అందుకే కిరీటం, రాజు పేరు అక్షరాలు.

వయసు తెలిసేది ఆ అక్షరాల వల్లనే. 'వి, ఆర్' అంటే విక్టోరియా రాణి. ఆమె 1837 నుంచి 1901 దాకా ఏలింది. 'ఇ, ఆర్' అంటే ఎడ్వర్డు రాజు, 1901 నుంచి 1910 దాకా. 'జి, ఆర్' అంటే జార్జి. 1910 నుంచి 1936 దాకా ఐదో జార్జి, 1936 డిసెంబరు నుంచి 1952 దాకా ఆరో జార్జి. 1830కి ముందు కూడా జార్జి రాజులున్నారు గాని, అంత పాత చాకు దొరకడం అరుదు. కాబట్టి ఈ చాకు 1910 తరువాతది అనుకోవచ్చు.

నల్లబడిందని పాతది అనుకోకూడదు. నిమ్మకాయ కోసినా మామూలు ఉక్కు నల్లబడుతుంది. తుప్పు పట్టని ఉక్కును హారీ బ్రేర్లీ అనే ఆయన షెఫీల్డులోనే 1913లో చేశాడు. 'స్టెయిన్‌లెస్' అన్న మాట ఉంటే చాకు ఆ తరువాతదే. లేకపోతే ఏమీ తేలదు.

ఇంకో చిక్కు ఉంది. రాడ్జర్స్ పేరుకు గిరాకీ ఎక్కువ. నకిలీలూ వచ్చాయి. పేరులో ఒక అక్షరం తగ్గినా, గుర్తు వంకరగా ఉన్నా అనుమానించాలి.

మర్నాడు సామానువాడు వచ్చాడు. చాకును తక్కెట్లో వెయ్యబోయాడు.

"తూకానికి కాదు. అది షెఫీల్డుది. పేరు చదివి ధర చెప్పు" అంది కోడలు.

"ఎవరు చెప్పారమ్మా?"

"దాని మీదే ఉంది."

అతను చాకు కింద పెట్టి, పాత గరిటెలు తూచుకుని వెళ్లాడు.

మన కమ్మరి చేసిన చాకు మీద మాత్రం పేరు ఉండడం అరుదు. పనితనం ఉన్నా మనిషి తెలియడు. అయితే పేరు చెక్కుకున్న పనివాడు ఈ దగ్గర్లోనే ఒకడున్నాడు. చిల్లకల్లు పక్కనే జగ్గయ్యపేట. అక్కడ ధనంబోడు అనే గుట్ట మీద పాత బౌద్ధ స్తూపం ఉంది. దానికి రాతి స్తంభాలు ఇచ్చిన పనివాడు సిద్ధార్థుడు. తన పేరు, తండ్రి నాగచంద్రుడి పేరు స్తంభాల మీద రాయించాడు. వీరపురుషదత్తుడు అనే రాజు ఏలుబడి 20వ ఏడు అని కూడా రాయించాడు. ఆ రాజు ఇక్ష్వాకు వంశం వాడు. అందువల్ల స్తంభాలు సుమారు 1,700 ఏళ్ల నాటివని తెలిసింది. చాకు మీద 'జి, ఆర్' చెప్పినట్టే ఇక్కడా రాజు పేరే కాలం చెప్పింది. ఆ రాతలో సిద్ధార్థుడి తల్లి పేరు, భార్య పేరు, కూతురి పేరు కూడా ఉన్నాయి.