న్యాయవిధాన పతకమును, నారబట్ట అస్తరును
పాఠము: నిర్గమకాండము 28:15–30



అహరోను రొమ్మున ధరించిన న్యాయవిధాన పతకము జేనెడు పొడవు, జేనెడు వెడల్పు గలది. సన్నపు నారతోను రంగు నూలుతోను చేసిన ఆ పనిని రెండు పొరలుగా మడువవలెనని 16వ వచనములో ఆజ్ఞ కలదు. కారణము వాక్యము చెప్పలేదు. అయితే దానిమీద పండ్రెండు రత్నములు పొదగవలసియుండెను. సన్నని నార ఒంటిపొరగా అంత బరువు మోయజాలదని సూది పట్టిన ప్రతి స్త్రీయు ఎరుగును. ఆ రాళ్లమీద ఇశ్రాయేలు గోత్రముల పేళ్లు చెక్కబడెను. బట్ట చినిగినయెడల జారిపడునవి ఆ పేళ్లే.

ప్రసంగపీఠపు వస్త్రమును నారబట్టమీద పోగులు లెక్కించి క్రాస్ స్టిచ్ కుట్టు స్త్రీల సమాజములవారు దీనిని ఆలోచింపవలెను. అంగుళమునకు 28 పోగులున్న బట్టపై రెండేసి పోగులమీద కుట్టినచో అంగుళమునకు 14 కుట్లు వచ్చును. నెలల పని. ఇంత చేసి, అస్తరు వేయునప్పటికి చేతికి దొరికిన రంగు గుడ్డ చాలునందురు. ఇది మాకు సమ్మతము కాదు.

19వ శతాబ్దములో గోదావరి ప్రాంతమున మిషనెరీలు నేర్పిన నర్సాపురపు లేసుకు సందులే అందము. ముదురు రంగుమీద పరచిన మరింత శోభించును. నారబట్ట అట్లు కాదు. పోగుల సందులనుండి వెనుకనున్న బల్ల రంగును, ఒక పువ్వునుండి మరియొక పువ్వునకు వెనుకగా లాగిన దారమును పైకి కనబడును. కాబట్టి తెల్లని సన్ననేత నూలుబట్టయే అస్తరుగా వేయవలెను.

ఆ బట్టను ముందుగా ఉతికి ఆరవేయుడి. క్రొత్త నూలుబట్ట మొదటి ఉతుకులో కుదించుకొని పైబట్టను ముడతలు పెట్టును. మత్తయి 9:16లో క్రొత్తబట్ట మాసికను గూర్చి ప్రభువు చెప్పినది మన స్త్రీలకు వ్యాఖ్యానము అక్కరలేని మాట! ఉతికి ఉతికి మెత్తబడిన తెల్లపంచె ముక్కయు మంచిదే. అయితే వెలుతురునకు ఎదురుగా పట్టి చూడుడి. పలుచబడిన చోట చినుగును.

రెండు పొరలు కలిపి కుట్టవద్దు. ఈ పనికి వాడు సూది మొన మొద్దుగా నుండును. అది పోగుల సందున దూరునే గాని అస్తరును సులువుగా పొడువదు, లెక్కయు తప్పును. కుట్టుపని ముగిసి, ఉతికి, బోర్లవేసి ఇస్త్రీ చేసిన తరువాత, పడుగు పడుగుకు, పేక పేకకు సరిపోవునట్లు అస్తరు పరచి అంచుల వెంబడి పెద్దకుట్లు వేయుడి.

దర్జీలు కాలరులో వేయునట్టి, ఇస్త్రీ వేడికి అంటుకొను జిగురుగుడ్డ సులువని కొందరందురు. మందిర వస్త్రమునకు అది వద్దు. అంటిన తరువాత విడదీయుట దుర్లభము. ఓడరేవు ప్రక్కనున్న మన మల్కాపురములో దుమ్ము, ఉప్పుగాలి, చెమ్మ కలిసి తెల్లబట్టను త్వరగా మాపును. పెద్దకుట్లయితే క్రిస్మసుకు ముందును ఈస్టరుకు ముందును విప్పి, పైబట్టను, అస్తరును వేరువేరుగా ఉతుకవచ్చును. ఆ పనిని కుట్టినవారి నెత్తినే పెట్టక, సమాజములో వంతులు వేసికొనుడి.